కురుగోడు పెళ్లిలో రెండో బంతి

వరుసలో నిరీక్షణను లెక్కగట్టే గణితం ఒకటి ఉందని పదవీ విరమణ తర్వాత చదివాను. అప్పటినుంచి జనం బారులు తీరిన చోటల్లా నాకు ఉత్సాహమే. కురుగోడులో ఉంటున్న నా పూర్వ విద్యార్థి దానియేలు కూతురి పెళ్లికి పిలవగానే, నేనూ నా శ్రీమతి సుశీలా పొద్దున్నే గుంతకల్లులో రైలెక్కాము. హగరి దాటి బళ్లారిలో దిగి, మనిషికి నలభై రూపాయల లోపు టికెట్టుతో, గంటలో బస్సులో కురుగోడు చేరాము.

చర్చిలో పెళ్లి ఒంటిగంటకు ముగిసింది. తిరుగు బస్సు రెండుంబావుకు. అది తప్పితే బళ్లారిలో రైలూ తప్పుతుంది. భోంచేయకుండా వెళ్తే దానియేలు నొచ్చుకుంటాడు. షామియానా కింద రెండు బంతులు సాగుతున్నాయి. దాదాపు ప్రతి కుర్చీ వెనకా ఒకరు కాచుకుని ఉన్నారు.

సుశీల పెరుగన్నం దాకా వచ్చిన ఒక యువకుడి వెనక నిలబడింది. అయితే ఆ సంఘంలో ఒక చక్కని మర్యాద ఉంది: బంతిలో అందరూ ముగించేదాకా ఎవరూ లేవరు. అంటే, అందరికన్నా నిదానంగా తినేవారే మన నిరీక్షణను నిర్ణయిస్తారు! ఆ వరుస చివర ఒక తాతగారు అప్పుడే రెండోసారి పప్పు వేయించుకుంటున్నారు. రెండో బంతిలో రసం నడుస్తోంది, కాని అందరూ ఒకే జోరులో ఉన్నారు. సుశీలను అక్కడికి తీసుకెళ్లాను.

"ఏంది మేష్ట్రప్పా, ఈడ పెరుగు దాకా వచ్చిండారు, ఆడికి పోతాండారే?" అన్నాడు వడ్డించే రత్నం.

"ఆ తాతగారి విస్తరి చూడు నాయనా."

"ఆయప్పనా! ఇంగా హోళిగెలు ముట్టనే లేదు!" అని బొబ్బట్ల వైపు చూసి పకపకా నవ్వాడు.

రెండో బంతే ముందు లేచింది! ఆ ఆనందంలో, కూర్చున్నది మొదలు పక్కాయనకు నా సిద్ధాంతం వివరిస్తూనే ఉన్నాను. సుశీల మోచేత్తో పొడిచింది. అందరి విస్తర్లూ మడిచి ఉన్నాయి. అందరూ నా వైపే చూస్తున్నారు.

"తింటాండారా, పాఠం చెప్తాండారా? మా కడుపులు కాలతాండాయప్పా!" అంది నా కుర్చీ వెనక నిలబడిన ఒకావిడ.

మజ్జిగ ఒక్క గుక్కలో తాగి లేచాను. బంతంతా లేచింది. దానియేలు రోడ్డు మీదికి పరుగెత్తి బస్సు ఆపాడు కాబట్టి ఎక్కగలిగాము.

కిటికీ పక్కన కూర్చున్నాక కూడా నా ఉత్సాహం తగ్గలేదు. లెక్క సరిగ్గానే పనిచేసింది. కుర్చీ దొరికాక నేనూ ఆ లెక్కలో ఉన్నానన్నదే మరిచాను. ఇటు పెళ్లికి వెళ్లేవారికి ఒక సూచన: నిలబడేముందు బంతిలో అందరికన్నా నిదానంగా తినేవారెవరో చూడండి, కూర్చున్నాక, అది మీరేమో చూసుకోండి.