సంగు కొట్టని పూట

కేబుల్ టీవీ నడిపే నేను సమయానికి వెళ్ళకపోయి ఉంటే ఎదురింటి అత్త ఆ రోజు దక్కేది కాదని, బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా లైనువాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా తల ఊపి ఊరుకున్నాను. ఆమె పడిపోవడానికి కారణం నేనేనని మాత్రం చెప్పలేదు.

అత్త అంటే వరసకు అత్త. ఆమె భర్త, నేను మామా అని పిలిచే ఆయన, గనిలో బోను నడిపిన మనిషి. మనుషుల్ని భూమిలోకి దించేదీ, పైకి లాగేదీ ఆ బోనే. గని మూతపడ్డాక ఆయన మాలూరులో ఒక ఫ్యాక్టరీకి కాపలాదారుగా కుదిరి, పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వచ్చేవాడు. గని సైరన్‌ను మేం సంగు అంటాం. ఊరు నిద్ర లేచినా, అన్నం తిన్నా, షిఫ్టుకు పోయినా సంగు కొడితేనే. అదీ ఆగిపోయింది. మాకు మిగిలినవి కంపెనీ వరసగా కట్టించిన ఈ లైను ఇళ్ళు, అవి ఎప్పుడు పోతాయోనన్న భయం. ఏదో విదేశీ కంపెనీ వస్తుందనీ, గని తెరిచి ఇళ్ళు కూలుస్తుందనీ పుకారు. లైనులోకి కొత్త మనిషి వస్తే కొలతలకు వచ్చాడనే అనుకునేవాళ్ళం.

అలాంటి రోజుల్లో మామ నా దగ్గరికి వచ్చాడు.

"ఆ ఇంగ్లీషు వార్తల ఛానెల్ నీ కాడ వస్తాదా? అది వస్తేనే నాకు కనెక్షను."

"వస్తాది మామా. ఇంగ్లీషెందుకు మీకు? తెలుగులో, తమిళంలో ఇన్ని ఉండాయి కదా."

"ఎందుకో మాకు తెలుసులేప్పా."

ఆ జవాబు నాకు గుచ్చుకుంది. ఆయన మాలూరులో ఉండగా, ఇంటి తలుపు లోపల గడియపెట్టి ఉండగా, దేశాంతరపు వార్తలు పొద్దంతా వినబడేవి. అత్తకు ఇంగ్లీషు ముక్క రాదు.

కొళాయి దగ్గర ఆ మాటే నడిచింది. "లోపల ఎవురో ఉండారు. ఆయమ్మ మాట్లాడతా ఉంటే నేనే విన్నాను," అందొకామె.

"టీవీతో మాట్లాడతాదేమోలే. మా ఇంటాయన కంటే అదే మేలు, బదులన్నా చెప్తాది," అందింకొకామె.

అందరూ నవ్వారు. బకెట్ పట్టుకుని నిలబడ్డ నేను నవ్వలేదు. "కంపెనీ మనిషిని పెట్టుకున్నారేమో. మన ఇండ్ల కత ఆ లోపలే నడస్తా ఉండాదేమో," అన్నాను. ఆ 'ఏమో' ఒక్క రోజులో రాలిపోయింది. కాఫీపొడి అప్పడగడానికి కూడా ఆ గడప తొక్కేవాళ్ళు లేకపోయారు.

ఆ ఛానెల్లో ఏముందో చూద్దామని ఒకనాడు పొద్దున్నుంచీ దాని ముందు కూర్చున్నాను. కేబుల్ సామాను మా ముందుగదిలోనే ఉండేది. నా ఇంగ్లీషు బిల్లు రాయడానికి సరిపోయేంత. మొదట షేర్ల ధరలు, కింద పరుగెత్తే అక్షరాల్లో బంగారం రేటు. తర్వాత వానలో గొడుగు పట్టుకుని ఎవరి మీదో కోపంగా మాట్లాడిన ఒక స్త్రీ. ఫుట్‌బాల్. వాతావరణం చెప్పే అమ్మాయి మోచేయి సరిగ్గా మన దక్షిణాదిని కప్పేసింది. మధ్యాహ్నం ఏదో దేశపు గని, టోపీలు పెట్టుకుని బోనులో దిగుతున్న మనుషులు. 'గోల్డ్' అన్న ఒక్క మాటే నాకు అందింది. అది చాలింది. గని పోగొట్టుకున్న మాకు లోకంలో ఎక్కడ బంగారం మాట వచ్చినా మా బంగారమే.

గంటకోసారి భూగోళం తిరుగుతూ డప్పుల సంగీతం వచ్చేది. వాళ్ళ గడియారానికి అది నిండు గంట, మన గడియారానికి గంట మీద ముప్పై నిమిషాలు. అది మోగిన ప్రతిసారీ ఎదురింట్లో స్టీలు మీద 'టక్'మన్న చప్పుడు. కిటికీ తెరిచి మళ్ళీ విన్నాను. టక్. గనిలో బోను దిగాలన్నా, ఆగాలన్నా గంట దెబ్బలే గుర్తు. ఆ దెబ్బలు విని బోను ఇంజను నడిపిన మనిషి ఇల్లది. లోపల ఎవరో ఎవరికో గుర్తు ఇస్తున్నారని తేల్చుకున్నాను.

మర్నాడు పొద్దున మామ రైలుకు పోయాక ఆ ఛానెల్ వైరు ఊడదీశాను. లోపలివాడు బయటికి రాడా అని చూద్దామని.

ఎవరూ రాలేదు. ఆ ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మధ్యాహ్నం దాటాక ఏదో గిన్నె పడి దొర్లింది. ఎదురింటికి పోయి పిలిస్తే పలుకు లేదు. కిటికీలోంచి చేయి పెట్టి గడియ తీశాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. చెమటతో తడిసి అత్త నేల మీద ఉంది. స్టీలు లోటా పక్కన చింతగింజలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. షుగర్ మనిషని తెలుసు గనుక చక్కెర నీళ్ళు పట్టాను. కొంతసేపటికి కళ్ళు తెరిచి, నేను ఉన్న వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అంది:

"ఈ పొద్దు సంగు కొట్టలేదప్పా. మాత్ర వేసుకున్నానో లేదో తెలీలా. మళ్ళీ వేసుకున్నాను. అన్నం పొద్దయిందో లేదో తెలీక తినలా."

అప్పుడు అర్థమైంది. ఆమెకు చూపు దాదాపు పోయింది. మామ లేని పూట ఆ డప్పుల సంగీతమే ఆమెకు సంగు. మోగినప్పుడల్లా ఒక గింజ లోటాలో వేసేది. గింజలు తడిమి చూసుకుంటే పొద్దు ఎంతయిందో, మాత్ర ఎప్పుడో, అన్నం ఎప్పుడో తెలిసేది.

సాయంత్రం మామ వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "తెలుగు ఛానెళ్ళు క్రికెట్‌కు, పండగకు టైము మారస్తాయి. అదొక్కటే మారదని పెట్టించినాను. చూపు లేని ఆడది ఒంటిగా ఉండాదని తెలిస్తే ఎవురెట్లాంటోళ్ళోనని గడియ పెట్టుకోమన్నాను. మీ అందర్నీ అనుమానించినాను, ఏమనుకోవద్దు." టీవీ వైపు చూసి అడిగాడు. "ఆ ఛానెల్ యాడికి పోయిందప్పా?"

"పైన వాళ్ళే నిలిపినారు మామా. రేపు వస్తాదంట."

వైరు తగిలించాను. ఛానెల్ వచ్చింది. లైను నన్ను మెచ్చుకుంది. ఆ ఇంటి మీద వేసిన నింద మాత్రం పూర్తిగా పోలేదు. 'ఏదో ఉండింది' అనేవాళ్ళు ఉండనే ఉన్నారు.

ఏళ్ళు గడిచాయి. మొన్న కొళాయి దగ్గర ఒకామె కొత్తగా వచ్చిన కోడలికి నన్ను చూపించి, "ఈయప్పే ఆయమ్మను కాపాడింది," అంది. మామ బిందె పట్టుకుని నిలబడ్డాడు. అత్త కొళాయి మెట్టు మీద కూర్చుని, "దేవుడు పంపినాడు, ఇంగేమి," అంది. నిండిన బకెట్ కింద పెట్టి ఆమె ముందు కూర్చున్నాను. నింద వేసింది ఇక్కడే. అందరూ వినేలాగే చెప్పాను.

"అత్తా, దేవుడు పంపలేదు. ఆ పొద్దు ఛానెల్ పీకేసింది నేనే. నీ ఇంట్లో కంపెనీ మనిషి ఉండాడని ఈ కొళాయి కాడ అన్నదీ నేనే. నీ ఇంటికి ఎవురూ రాకుండా చేసినాను, నీ ప్రాణం మీదికి తెచ్చినాను. మామా, ఆ సాయంత్రం నీకు అబద్ధం చెప్పినాను. తప్పయిపోయింది. ఇద్దరూ నన్ను మన్నించండి."