కంప్యూటర్‌కు ఎంతమంది? గుంటూరు నుంచి పొదిలి దాకా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ సెక్షన్ నాది. సెక్షన్ అంటే ఒక గది, అందులో నేను, నా అసిస్టెంటు మస్తాన్ వలి. మా ఓనరు గారు హైదరాబాదులో ఏదో మీటింగుకు వెళ్ళి ఒక కొత్త పద్ధతి పట్టుకొచ్చారు. కంప్యూటర్ మీద ఎదుటి కంపెనీలు ఎంత ఖర్చు పెడుతున్నాయో, ఎంతమందిని పెట్టుకున్నాయో చూసి మనమూ అంతే పెట్టాలట. "పత్తి, గ్రానైటు, పొగాకు, మూడూ చూసి రా. వాళ్ళు ఒక్కడితో నడుపుతుంటే మనకూ ఒక్కడు చాలు" అన్నారు. మస్తాన్ చేరి ఏడాది కాలేదు. ఆ ఉద్యోగం ఉందనే వాడికి పిల్లనిస్తామన్నారు.

పొద్దున ఆరున్నరకు పర్చూరు బస్సెక్కాను. సాగనంపడానికి వచ్చిన మస్తాన్ కిటికీ దగ్గర నిలబడి, "అన్నా, ఉన్నది చెప్పండి. మరీ వెతికి చెప్పకండి" అన్నాడు. వాడి మొహం చూస్తే బాధేసింది. బాధ ఉన్నా ఆకలి ఆగదు కాబట్టి ప్రత్తిపాడులో దిగగానే నాలుగిడ్లీ తిన్నాను.

పత్తి జిన్నింగు మిల్లు ఓనరు ఏసీ గదిలో మంచం మీద పడుకుని ఉన్నారు. కంప్యూటర్ ఆ మూలన ఉంది. ఏసీ ఖర్చంతా కంప్యూటర్ పద్దులోనే రాస్తారట. "చల్లగా లేకపోతే అది పాడైపోద్దంట కదండీ" అన్నారు దుప్పటి సర్దుకుంటూ. మనుషులు ఇద్దరు. ఒకడు టైపు కొడతాడు, రెండోవాడు లోపలికి దూరిన దూదిని బ్రష్‌తో తీస్తాడు. ఇద్దరెందుకని అడిగాను.

"చీమకుర్తిలో మా వియ్యంకుడి ఫ్యాక్టరీలో ఇద్దరున్నారండీ. మనం ఒక్కణ్ణి పెడితే అక్కడ మా అమ్మాయి మాట పడాలి."

పర్చూరు మీదుగా ఒంగోలు చేరి, మెస్సులో గోంగూరతో భోజనం చేసి చీమకుర్తి బస్సెక్కాను. పక్క సీటు పెద్దావిడ ఏం పని మీద పోతున్నానని అడిగితే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఇద్దరు చూసుకోవాల్సినదాన్ని అమ్మేయక ఎందుకు ఉంచుకున్నారు నాయనా?" అంది.

రాళ్ళ లారీల వెనక పాక్కుంటూ చీమకుర్తి చేరేసరికి మూడయింది. గ్రానైటు ఫ్యాక్టరీలో రాతి దుమ్ముకు భయపడి కంప్యూటర్‌కు దోమతెర కట్టారు. ఒకడు తెరలో కూర్చుని పని చేస్తున్నాడు, రెండోవాడు బయట నిలబడి అంచులు దోపుతున్నాడు. మేనేజరు కోటేశ్వరరావు గారు టీ ఇప్పించి, "పొదిలి పొగాకు కంపెనీలో ఇద్దరున్నారని మా ఓనరు పెట్టించాడండీ. వాళ్ళకంటే మనమేం తీసిపోయామని" అన్నారు.

రాత్రి పొదిలిలో లాడ్జి. పంకా తిరిగింది, దోమలూ తిరిగాయి. తెల్లారి టిఫిన్ చేసి పొగాకు కంపెనీకి వెళ్ళాను. అక్కడా ఇద్దరే. మొదటివాడు సెలవు పెడితే పని ఆగకూడదని రెండోవాణ్ణి తీసుకున్నారు. పని ఎక్కడ నేర్చేసుకుంటాడోనని మొదటివాడు సెలవే పెట్టడం లేదు. ఇద్దరెందుకని మేనేజరు రంగారావు గారిని అడిగితే ఆయన నన్ను వింతగా చూశారు.

"మీరే అడిగితే ఎట్టాగండీ? మీ కోల్డ్ స్టోరేజీలో ఇద్దరున్నారని మా ఓనరు చూసొచ్చాడు. పక్క చేలో మిరప వేస్తే మనమూ మిరపే కదా."

మూడు ఊళ్ళు తిరిగి మా గదికే వచ్చాను, అందరి లెక్కా మమ్మల్ని చూసి వేసిందే. ఇక మస్తాన్‌ని కాపాడే లెక్క ఎక్కడా లేదనిపించింది. రంగారావు గారి టేబుల్ మీద ఫోన్ తీసి మా ఓనరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. పొదిలి మనల్ని చూసింది, చీమకుర్తి పొదిలిని చూసింది, ప్రత్తిపాడు చీమకుర్తిని చూసింది అన్నాను.

"అంటే అందరూ మనల్ని చూసేనా?"

"అవునండి."

"మరి వాళ్ళూ మనమూ సమానంగా ఉంటే ఏం బావుంటుందయ్యా? మస్తాన్ ఉంటాడులే. ఇంకొకణ్ణి చూడు."

సంతోషం పట్టలేక రంగారావు గారి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. ఆయన అడక్కుండానే అంతా చెప్పేశాను కూడా.

పన్నెండు గంటల బస్సు చీమకుర్తిలో ఆగగానే కోటేశ్వరరావు గారు రొప్పుతూ కిటికీ దగ్గరికి వచ్చారు. వెనక ట్రంకు పెట్టెతో ఒక భారీ మనిషి.

"పొదిలి నుంచి ఫోనొచ్చిందండీ. మీరు ముగ్గుర్ని పెడుతున్నారంటగా. వీడు మా బావమరిది. కాస్త మీ దగ్గర ఉంచుకుని నేర్పించి పంపండి."

పెట్టె ఎక్కింది, బావమరిదీ ఎక్కాడు. ఒంగోలు దాకా నా భుజం మీదే నిద్రపోయాడు. ఆ వైపు ఇలాంటి పని మీద వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. బస్సులు బాగానే దొరుకుతాయి, భోజనానికి లోటుండదు, మనుషులు అడిగిందల్లా చెబుతారు. ఫోన్ మాత్రం బయట బూత్ నుంచి చేసుకోండి.