ఆ ఫోటోలో సుగుణ వదిన ఏమంటోందంటే

నిన్న పొద్దున కాఫీ తాగుతూ వాట్సాప్ తెరిస్తే స్టేటస్‌లో సుగుణ వదిన ఫోటో.

పుట్టినరోజేమో అనుకున్నాను. కింద దణ్ణం పెడుతున్న చేతులు చూశాక గానీ అర్థం కాలేదు. గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు.

సుగుణ వదిన మా మేనమామ కూతురు. పర్చూరులో జిరాక్స్ షాపు నడిపేది. షట్టర్ ఎత్తుతూ అక్కడే కూలిపోయిందట. గుండెపోటు. అప్పటికి ఇంట్లోవాళ్ళు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు, నాకు ఫోన్ చేసే స్థితిలో లేరు.

ఈలోపే ఆ స్టేటస్ పెట్టిన మనిషి ఎవరో తెలుసా? ఆమెను పుస్తకాల గ్రూపులోంచి తీసేసిన అడ్మిన్ గారు.

సాయంత్రానికి అందరి వాల్స్ మీదా అదే ఫోటో. ఆకుపచ్చ చీర, చేతిలో మైకు, నోరు తెరిచి ఏదో చెప్తోంది. “నిజాయితీ గల పాఠకురాలు.” “మా గ్రూపుకు మూలస్తంభం.” “తీరని లోటు.”

బతికుండగా పట్టెడన్నం పెట్టనివాళ్ళే పోయాక పిండాలు పెడతారని మా అమ్మ అంటుంది. నిన్న చూశాను.

వదిన సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఎవరు ఏ పుస్తకం గురించి ఊగిపోతున్నా, డబ్బులిచ్చి కొనుక్కుని చదివేది. ఫ్రీ కాపీ తీసుకునేది కాదు, తీసుకుంటే మొహమాటం వస్తుందని. నచ్చకపోయినా చివరి పేజీ దాకా చదివేది. జిరాక్స్ మెషీన్ మీద ఒక చెయ్యి, పుస్తకం మీద ఒక చెయ్యి. తర్వాత గ్రూపులో ఉన్నదున్నట్టు రాసేది.

తెల్లారకముందే లేస్తే జీవితం మారిపోతుందని చెప్పే పుస్తకం ఒకటి అందరూ చదివారు. వదిన రాసింది: “మా ఊళ్ళో మిరపకోతకి పొయ్యే ఆడోళ్ళంతా తెల్లారకముందే లేస్తారు. ఏం మారిందో కనుక్కుని చెప్తా.” అందరూ నవ్వారు. నవ్వినంతకాలం ఆమె మూలస్తంభమే.

తర్వాత ఆ నవల వచ్చింది. మిరప రైతు కథ. పంట పోతుంది, ధర పోతుంది. చివరి చాప్టర్లో అతను వెన్నెట్లో తోటలోకి వెళ్ళి పురుగుమందు తాగుతాడు. అమ్మ ఒడిలో నిద్రపోయినట్టు పోతాడు. ఆ ఒక్క పేజీ మీద ఎన్ని రీల్స్ వచ్చాయో. వెనకాల ఫ్లూట్ మ్యూజిక్ పెట్టి మరీ చదివారు. ఎంత అందమైన చావో అని ఏడ్చారు.

ఒంగోలులో దానికి సక్సెస్ మీట్ పెట్టారు. రైతు కూతురు కదా, రెండు మాటలు మాట్లాడమని వదిన్ని పిలిచారు. స్టేజీ ఎక్కి నాలుగు కన్నీళ్ళు కారుస్తుందనుకున్నారు పాపం. నేనూ వెళ్ళాను, రెండో వరసలో కూర్చున్నాను.

వదిన మైకు తీసుకుని మామూలుగానే మొదలుపెట్టింది.

“పుస్తకం మొత్తం చదివానండీ. తోట గురించి రాసింది బాగుంది. చివరి చాప్టరు మటుకు అబద్ధం. మా నాన్న అట్టాగే పోయాడు. నిద్రపోయినట్టు పోలేదండీ. గుంటూరు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, నన్ను బతికించండమ్మా, తప్పు చేశానమ్మా అని అరుస్తా పోయాడు. కష్టంలో ఉన్న మనిషెవరన్నా ఈ పేజీ చదివితే...”

మైకు కట్ అయింది.

కరెంటు పోలేదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇంకో మైకులోంచి “సమయాభావం వల్ల” అని ఎవరో అన్నారు. రచయిత గారు ఫోన్ చూసుకుంటున్నారు. వదిన ఇంకా మాట్లాడుతూనే ఉంది, పెదాలు కదులుతున్నాయి.

మీరంతా పెట్టుకున్న ఫోటో అప్పటిది. వెనకున్న బ్యానరు మటుకు నీట్‌గా క్రాప్ చేశారు. ఆమె చేతిలో ఉన్న మైకు అప్పటికే పనిచెయ్యడం లేదు.

ఆ సాయంత్రమే గ్రూపులో “నెగెటివిటీ వద్దు” అని ఒక మెసేజ్ వచ్చింది. వెనకాలే వదిన్ని తీసేశారు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ.

అప్పటికి మేమింకా బస్సులోనే ఉన్నాం. వదిన తన ఫోను నా చేతికిచ్చి, “నేనేం తప్పన్నానే?” అని అడిగింది. ఆ తర్వాత మార్టూరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మళ్ళీ చేర్చుకుంటారని చాలాకాలం ఎదురుచూసింది వదిన. ఆ పిచ్చిదానికి పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికి ఉన్న చోటు అదొక్కటే. ఇంట్లో ఎవరూ చదవరు. నాకు వాయిస్ మెసేజ్‌లు పెట్టేది, నేను సగం పుస్తకాలు చదివుండను, అయినా చెప్పేది. మీలో ఒక్కరు కూడా ఆమెకు ఫోన్ చెయ్యలేదు. నాకు మీ మీద కోపం ఉంది. దాచుకోను.

ఆదివారం సంతాప సభట. ఒంగోలులో అదే హాలు. నన్ను రెండు నిమిషాలు మాట్లాడమని మెసేజ్ పెట్టారు.

వస్తాను. ఆమె మాట సగంలో ఆగిపోయింది కదా, మిగతా సగం బస్సు దిగేముందు నాకు చెప్పింది. “అదేదో సుఖమనుకుంటారే, అనుకుని చేస్తారు. మా నాన్న బతకాలనుకున్నాడు. అది రాయమను.” ఆదివారం నేను చెప్పబోయేది ఆ మాటే.

మైకు ఇవ్వకపోయినా పర్లేదు. మా వైపు ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీద మనిషితో మాట్లాడతాం. వెనక వరస దాకా వినపడుతుంది.

వెళ్ళిరా వదినా. నీ మనసుకు ఇకనైనా నెమ్మది దొరకాలి.

ఆ చివరి చాప్టరు సంగతి నేను చూసుకుంటాను.