స్లో మోషన్ కాదు మహాప్రభో

ఫిల్మ్‌నగర్‌లో దొంగతనానికి ఒక గౌరవప్రదమైన పేరుంది. రిఫరెన్స్ అంటారు. "కాపీ" అన్నవాణ్ణి మర్నాటినుంచి ఆఫీసులోకి రానివ్వరు. "రిఫరెన్స్" అన్నవాడికి ఏసీ గదిలో కుర్చీ వేసి అల్లం టీ ఇస్తారు. నేను అసిస్టెంట్ డైరెక్టరుగా చేరిన మొదటి సినిమాలో నాకప్పగించిన ఘనకార్యం, డైరెక్టరుగారి రిఫరెన్సులన్నీ ఉన్న హార్డ్ డిస్కును కాపాడటం. కథ పోయినా పర్వాలేదు, డిస్కు పోకూడదు.

ఒక మధ్యాహ్నం జూబ్లీహిల్స్ ఆఫీసులో, భోజనాలయ్యి అందరికీ కళ్లు మూతలు పడుతున్న వేళ, ఆయన ఒక వీడియో పెట్టించారు. ప్రపంచమంతా పేరున్న బాలే నర్తకి. కాలివేళ్ల కొసల మీద నిలబడటంలోనూ, గాల్లోకి లేచి కాసేపు అక్కడే ఉండిపోవడంలోనూ ఆవిడను మించినవాళ్లు లేరట. ఇందులో మాత్రం ఆవిడ అవేవీ చెయ్యలేదు. వయసు మళ్లాక, ఎవరో కొత్తతరం నృత్యదర్శకుడు కూర్చిన కాంటెంపరరీ నృత్యాన్ని కెమెరా ముందు చేసింది. ఖాళీ గది, ఒక కుర్చీ, కిటికీ బయట వాన. చెప్పులైనా లేకుండా వచ్చింది. కుర్చీ వైపు చూసింది. కూర్చోవడం మొదలుపెట్టింది. వీడియో అయిపోయేదాకా కూర్చుంటూనే ఉంది.

"ఎప్పుడెగురుతుందండీ?" అన్నారు ప్రొడ్యూసరుగారు.

"ఎగరదు సార్. ఇది కాంటెంపరరీ," అన్నారు డైరెక్టరుగారు.

"టెంపరరీ సంగతి సరేనయ్యా, పర్మినెంటుగా ఎప్పుడెగురుతుంది?"

డైరెక్టరుగారు ఆ ప్రశ్నను క్షమించి, కళ్లు తుడుచుకున్నారు. "హీరో తండ్రి పోయాడు. ఇంట్లో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. హీరో అందులో కూర్చోలేకపోతున్నాడు. పాటంతా అదే సార్!" నిజానికి కథలో అప్పటిదాకా తండ్రి లేడు. ఆ కుర్చీ కోసం సాయంత్రంలోగా ఒక తండ్రిని పుట్టించి చంపేశారు.

"ఆ స్లో మోషన్ చూశారా, కెమెరామన్ ఎంత అందంగా పట్టాడో!" అన్నారాయన మళ్లీ.

ఇక్కడో సంగతి చెప్పాలి. మన పాటల్లో హీరో తేలిపోతున్నట్టు కదలాలంటే, షూటింగులో పాటను రెట్టింపు వేగంతో మోగిస్తారు. హీరో రెట్టింపు వేగంతో ఆడి పాడతాడు. కెమెరా కూడా రెట్టింపు వేగంతో తిరుగుతుంది. తర్వాత మామూలుగా వేసి చూస్తే పెదాలు పాటకు సరిపోతాయి, మనిషి మాత్రం మెల్లగా కదులుతాడు. తరాల తరబడి మన హీరోలకు గాంభీర్యం ఇలాగే వచ్చింది. అందుచేత, మనిషన్నవాడు తనంతట తాను మెల్లగా కదలగలడన్న ఊహ ఈ ఊళ్లో ఎవరికీ రాదు.

"సార్, కిటికీ బయట వాన మామూలుగానే పడుతోంది," అన్నాను నేను. "స్లో మోషన్ అయితే చినుకులు కూడా మెల్లగా దిగాలి కదా?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాన గ్రాఫిక్స్. నువ్వు డిస్కు చూసుకో."

డాన్స్ మాస్టరుగారు అప్పుడు వేరే సినిమా కోసం విదేశంలో ఉన్నారు. అందుకని పాట ఆయన అసిస్టెంటుకి వచ్చింది. ఆవిణ్ణి నేను అక్కా అని పిలిచేవాణ్ణి. మోతీనగర్‌లో వాళ్లమ్మతో ఉండేది. హీరోయిన్ల వెనక గ్రూపులో ఏళ్ల తరబడి ఆడి ఆడి అసిస్టెంటైంది. మాస్టరుగారికి పేరు తెచ్చిన స్టెప్పుల్లో చాలావాటిని కనిపెట్టింది ఆవిడే. తన పేరు మాత్రం తెరమీద ఏనాడూ పడలేదు. సినిమాల్లో చేస్తానంటే గల్లీలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. బ్యూటీపార్లర్‌లో చేస్తూ గొప్పలు పోతోందనుకునేవాళ్లు. వాళ్లమ్మ ప్రతి సినిమాకీ వెళ్లి, పేర్లు పడినంతసేపూ కళ్లజోడు సవరించుకుంటూ చూసి, "గీసారి గూడ లేదు" అని మిగతా సినిమా నిద్రపోయేదట.

"పాట నువ్వే చెయ్యమ్మా. కార్డు నీకే," అన్నారు డైరెక్టరుగారు. కార్డంటే తెర మొత్తం మీద ఒక్కళ్ల పేరే పడటం. అక్క ఆ రోజు నాకు రెండు సమోసాలు కొనిపెట్టింది.

వీడియో చూడగానే అక్కకు తెలిసిపోయింది అది స్లో మోషన్ కాదని. చూసి ఊరుకోలేదు, తను కూడా చేసి చూసింది. ఫిల్మ్‌నగర్‌లోని రిహార్సల్ హాల్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, దాంట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. తొడలు వణికేవి. చెమట చుక్క ముక్కు కొసన వేలాడుతున్నా తుడుచుకునేది కాదు.

"అక్కా, నువ్వు కూర్చునేలోపు ఇంటర్వెల్ అయిపోయి జనం పాప్‌కార్న్ తినేసి వస్తారు," అన్నాను.

"నోర్మూస్కో తమ్మీ. నవ్విపిస్తే నడుము జారుతది."

వారం తిరక్కుండానే ఆవిడ కుర్చీలో కూర్చోవడమంటే ఏమిటో చూపించింది. చనిపోయిన మనిషి ఒడిలో కూర్చుంటున్నట్టు, బరువంతా వెయ్యాలా వద్దా అని అడుగుతున్నట్టు కిందికి దిగింది. నాకు ఒక్క జోకూ తట్టలేదు. ఆ అవమానానికి లేచి బయటికెళ్లి టీ తాగొచ్చాను.

డైరెక్టరుగారు వచ్చి చూసి, "బ్రహ్మాండం! ఇదే రెట్టింపు స్పీడులో చేసి చూపించమ్మా," అన్నారు.

"సార్, ఇది గట్ల కాదు. మామూలు స్పీడ్లనే మెల్లగ చెయ్యాలె. జర ప్రాక్టీస్ చేస్తే హీరోసారుకు గూడ వస్తది."

"హీరోగారికి ప్రాక్టీసా?" ఆయన అటూ ఇటూ చూశారు, ఎవరైనా విన్నారేమోనని. "కెమెరా చూసుకుంటుందిలేమ్మా."

షూటింగు రోజు సెట్లో పాత టేకు కుర్చీ, గోడమీద దండ వేసిన ఫొటో. అందులో తండ్రిగా మా ప్రొడక్షన్ మేనేజరుగారి మావయ్య ఉన్నాడు. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, అక్కడే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. పాట రెట్టింపు వేగంతో మోగింది. ప్రాణం పోతున్నట్టు పాడిన గాయకుడి గొంతు, తోక తొక్కిన ఎలకలా కీచుమంది. ఆ కీచుకి హీరోగారు పరుగెత్తుకొచ్చి, గబగబా దుఃఖించి, దబ్బున కూర్చున్నారు. లైట్‌మెన్ నవ్వాపుకోలేక పైకి చూస్తూ నిలబడ్డారు.

దాన్నే మానిటర్లో మెల్లగా వేసి చూపించారు. హీరోగారి బుగ్గలు అలలు అలలుగా ఊగాయి. మూలశంక ఉన్నవాడు కుర్చీని అనుమానంగా పరీక్షిస్తున్నట్టుంది. డైరెక్టరుగారు ఏడ్చేశారు. "చూశారా, ఆ బుగ్గల్లో కూడా బాధే!"

ప్రొడ్యూసరుగారికి మాత్రం ఇంకా తృప్తి కలగలేదు. పేరున్న నర్తకి ఎగరకుండా మోసం చేసిందన్న దుగ్ధ ఆయనకు అలాగే ఉండిపోయింది. మర్నాడు తాళ్లు తెప్పించారు. హీరోగారు తండ్రి కుర్చీ మీదుగా గాల్లో పల్టీ కొట్టి, అవతల ఒంటి మోకాలి మీద దిగారు.

ఎడిటింగ్ రూములో పాట సిద్ధమయ్యాక అక్కను నేనే పిలుచుకెళ్లాను. ఆవిడ నిదానంగా పాటంతా చూసింది. సినిమా మొదట్లో పడే కార్డు కూడా తీసి చూపించారు. నృత్యం అని ఉంది, కింద అక్క పేరు, ఎర్రటి అక్షరాల్లో. దాన్ని కూడా అంతే నిదానంగా చూసింది.

"సార్, నా పేరు తీసెయ్యున్రి," అంది.

పేరు వెయ్యమని కాళ్లమీద పడ్డవాళ్లను చూశారు కానీ, తీసెయ్యమన్నవాళ్లను ఫిల్మ్‌నగర్‌లో ఎవరూ చూడలేదు.

"ఎమోషనల్ అవుతున్నావమ్మా," అన్నారు డైరెక్టరుగారు. "ఎంతమంది ఏడుస్తారో తెలుసా ఈ కార్డు కోసం?"

"నేనూ ఏడ్చిన సార్. గిది నేను చేసింది కాదు. మా గల్లీల నాకు ఇజ్జత్ లేదు నిజమే, గిది చూస్తే ఉన్న పార్లర్ నౌకరీ గూడ పోతది."

మేనేజరుగారు నిజంగానే కంగారుపడ్డారు. "తీసేస్తే మరి ఎవరి పేరు వెయ్యాలండీ? ఖాళీగా వదిలేస్తే బావుండదు కదా."

"మాస్టరుది వెయ్యున్రి."

మాస్టరుగారికి విదేశానికి పాట పంపించారు. ఆయన చూసి, ఫోను ఎత్తడం మానేశారు. అంత తెలివైనవాడు కాబట్టే మాస్టరయ్యాడు. చివరికి హీరోగారే పెద్ద మనసు చేసుకున్నారు.

సినిమా విడుదలైన రోజు అక్క, వాళ్లమ్మ, నేను ఎర్రగడ్డ వైపు ఒక హాలుకి వెళ్లాం. వాళ్లమ్మ అలవాటుగా కళ్లజోడు సర్దుకుంది. నృత్యం అన్న కార్డు పడింది, హీరోగారి పేరుతో. హాలంతా ఈలలు. "గీసారి గూడ లేదు," అని వాళ్లమ్మ తల వాల్చబోయింది కానీ, ఆ ఈలలకు నిద్రపట్టక పాటదాకా మేలుకునే ఉంది. బుగ్గలు ఊగాయి. పల్టీ పడింది.

"గీ డాన్స్ ఎవలు నేర్పిర్రు బిడ్డా గాయినకు?" అందావిడ, గట్టిగానే.

ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. అక్క నా చేతిలోని పాప్‌కార్న్ డబ్బా లాక్కుని, గుప్పెడు నోట్లో వేసుకుంది.

"నాకేం ఎర్క అమ్మా," అంది. "నేను పార్లర్ల పని చేస్త గదా."