మార్చి తొమ్మిది కాగితం

మా ఊళ్ళో ఏ వంటింటి గోడ చూసినా అదే క్యాలెండరు. రోజుకో కాగితం చింపాలి. ప్రతి కాగితం మీదా ఆ తేదీన పోయిన ఓ పెద్దమనిషి పేరు, కింద ఆయన అన్న మాట. లేయ నది ఒడ్డున మా అచ్చాఫీసులో ఆ మాటలు ఏరే పని గోడెలీవది. పక్కబల్ల దగ్గర కాగితాలు దొంతి పెట్టి కుట్టే పని నాది. ఆమె గురించి ఊళ్ళో ఇప్పటికీ కూసే కూతలు వింటే ఒళ్ళు మండుతుంది, అందుకే రాస్తున్నాను.

నారబట్టల మిల్లు దొర వాన్ హెస్టెల్ ఓ మార్చి తొమ్మిదిన పోయాడు. ఆయన్నీ చేర్చమన్నాడు మా యజమాని ఫ్లోరెంట్. ఎంత వెతికినా ఆ దొర నోటి నుంచి మంచి మాట ఒక్కటీ దొరకలేదు.

"నువ్వే ఒకటి రాసెయ్ అమ్మాయ్. చచ్చినవాడు లేచొచ్చి కాదంటాడా?" అన్నాడు ఫ్లోరెంట్.

'నా కార్మికుడు కంటతడి పెడితే నాకు ముద్ద దిగదు' అని రాసింది గోడెలీవ. ఉద్యోగం పోతుందని భయం. ఇంట్లో తల్లి ఎమ్మా తప్ప ఎవరూ లేరు. తమ్ముడు యోరిస్ ఆ మిల్లులోనే మర పట్టీలో చిక్కుకుని ఇరవైరెండేళ్ళకే పోయాడు.

ఇక ఏటా ఆ రోజున దొర విగ్రహం ముందు ఆ మాట చదవడం, మేయరు కళ్ళు తుడుచుకోవడం. మిల్లులో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు కూడా టోపీలు తీసి నిలబడేవారు, సిగ్గులేని జనం. ఎమ్మా మాత్రం ఆ పూట క్యాలెండరును గోడవైపు తిప్పేసేది.

పదకొండో ఏడు తిప్పుతూ అంది: "ఈ మాట కల్పించినవాడి చేతులు పడిపోను. నా బిడ్డ అక్కడ పడి ఉంటే ఈ దొర ఏమన్నాడో నేను విన్నాను గదా."

అదేమిటో గోడెలీవ అప్పుడే మొదటిసారి అడిగింది. తల్లి చెప్పింది.

మరుసటి ఏటి క్యాలెండరు కుడుతూ మార్చి తొమ్మిది కాగితం మీద మాట మారి ఉండటం చూసి గోడెలీవ బల్ల దగ్గరికి వెళ్ళాను.

"పిచ్చెక్కిందా నీకు? పీకేస్తాడు."

"పీకనీ."

నోరు మూసుకుని కుట్టాను. డిసెంబరులో అన్నీ అమ్ముడయ్యాయి. పై కాగితం చింపకుండా లోపలిది ఎవరు చూస్తారు?

మార్చి తొమ్మిది పొద్దున ఊరంతా చదివింది: 'శవాన్ని పక్కకి లాగండి. మధ్యాహ్నానికి మర తిరగాలి.' కింద వాన్ హెస్టెల్ పేరు.

"దొర ఈ మాట అన్నాడని ఎవరు చెప్పారే? ఋజువుందా?" అంటూ ఫ్లోరెంట్ ఆమె మీదికి వచ్చాడు.

"మా అమ్మ విన్నది. పాతదానికి ఋజువు అడగలేదేం? చచ్చినవాడు లేచొచ్చి కాదంటాడేమో చూద్దాం."

నిలబడ్డపళంగా వెళ్ళగొట్టాడు. నేను తల వంచుకుని కుడుతూ కూర్చున్నాను. ఆ పిరికితనానికి నామీద నాకే ఇప్పటికీ కోపం.

భోజనం వేళ వాళ్ళింటికి పరిగెత్తాను. క్యాలెండరు తిప్పి లేదు. ఎమ్మా దాని ఎదురుగా కూర్చుని ఉంది.

"పాత మాట రాసింది కూడా నేనేనమ్మా," అంది గోడెలీవ.

ఎమ్మా కూతురి చేతులవైపు చాలాసేపు చూసింది. "ఇన్నేళ్ళూ ఆ చేతులతోనే నాకు రొట్టె కోసి పెట్టావు," అంది.

ఈస్టర్ దాకా కూతురితో మాట్లాడలేదు. ఆ కాగితం మాత్రం చింపలేదు, ఎవరినీ చింపనివ్వలేదు. నాలుగేళ్ళ తర్వాత ఎమ్మా పోయిన రోజున కూడా ఆ గోడ మీద మార్చి తొమ్మిదే ఉంది.