కొట్టం మీది మామిడికొమ్మ

నిన్న మా వీధిలో కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని మామిడికొమ్మలు నరికారు. పచ్చి సొన వాసన కిటికీలోంచి గుప్పున వచ్చి, నన్ను లింగాల ఘనపూర్‌లో మా చిన్ననాటి వాకిట్లో దించేసింది.

తెలంగాణ కావాలని కాలేజీ పిల్లలు రోడ్లెక్కడంతో బడులు మూతపడ్డ ఏడు అది. మాకు సెలవులే సెలవులు! పొద్దున్నే సర్వపిండి ముక్క నములుతూ బయటపడితే చిర్రగోనె, కోతికొమ్మచ్చి ఆటలు, ఉప్పూకారం అద్దుకున్న మామిడి ముక్కలు, పెదవుల చుట్టూ సొన పొక్కులు, ఆకలేస్తే తప్ప ఇల్లు గుర్తుకురాని రోజులు. ఆటలన్నీ పశువుల కొట్టం పక్కనున్న మామిడి కిందే. ఒక సాయంత్రం గాలిదుమారానికి దాని కొమ్మ విరిగి కొట్టం మీద పడింది. పెంకులు పగిలాయి, ఎడ్లు బెదిరి పలుపులు తెంపుకున్నాయి. అంతకన్నా పెద్ద కొమ్మ ఇంకొకటి కప్పు మీదికి వాలి ఉంది.

"ఇగ దీన్ని మొదట్లకే కొట్టేద్దాం," అన్నాడు బాపు.

పిల్లలందరం ఏడుపు లంకించుకున్నాం. రేగొండ నుంచి పుట్టింటికి వచ్చిన మా మేనత్త రాజవ్వ చెట్టు చుట్టూ తిరిగి చూసింది. అత్తగారింటి మామిడితోటలో మామ వెంట తిరిగి పని నేర్చిన మనిషి.

"ఆగన్నా! బరువంతా ఒక్క దిక్కే ఉన్నది. జర తగ్గిస్తే నిలవడ్తది."

"మల్ల ఇరిగితే?"

"ఇరిగితే కొట్టెయ్. నేను అడ్డం రాను."

కాయలు దింపగానే అత్త కొంగు బిగించి రంపంతో చెట్టెక్కింది. "ఆడిపిల్లవు, చెట్టెక్కుడేందే!" అని మా అవ్వ కింద మొత్తుకుంటూనే ఉంది. కప్పు మీది కొమ్మను అత్త ముందు అడుగువైపు కొంచెం కోసి, తర్వాత పైనుంచి కోసింది. "లేకుంటే బరువుకు తోలు ఊడొస్తదిరా," అని పైనుంచే మాకు చెప్పింది. ఎండినవీ, ఒకదాన్నొకటి రాసుకునేవీ తీసేసింది. కొమ్మ పడ్డప్పుడల్లా మేం కేకలు! ఇంకా కొన్ని మిగిలాయని మేమంటే, "ఒక్కసారే అంత కోస్తే చెట్టు తట్టుకోదు, వచ్చే ఏడు చూద్దాం," అని దిగింది.

మరుసటేడు పూత పలచగా వచ్చింది. బాపు మూతి ముడుచుకున్నాడు. ఎండాకాలం చివర ఆకాశం ఎర్రబడి మళ్లీ దుమారం లేచింది. బాపు పరుగెత్తి ఎడ్లను విప్పేశాడు. మేం గడపలో ఒకరినొకరం పట్టుకుని చూస్తుంటే, పక్కింటి తుమ్మ ఫెళ్లున కూలింది. మా మామిడి ఊగింది, వంగింది, గాలి కొమ్మల సందుల్లోంచి హోరుమని దూసుకుపోయింది. ఒక్క కొమ్మ విరగలేదు!

"నిలవడ్డది! అత్త చెట్టు నిలవడ్డది!" అంటూ మేం వానలోనే గంతులేశాం.

బాపు తడుస్తూ వెళ్లి మాను మీద చెయ్యి వేసి పైకి కొమ్మలన్నీ చూశాడు. "రాజవ్వకు కబురు పెట్టుర్రి," అన్నాడు. "మిగిలిన కొమ్మలు ఈ ఏడు చూద్దామన్నది గద, అచ్చి కొయ్యమనుర్రి."

కిందటి ఎండాకాలం ఆ ఊరు వెళ్లాను. కొట్టం లేదు, ఎడ్లు లేవు, బాపు లేడు, అత్తా పోయింది. చెట్టు మాత్రం నిండుగా కాసి ఉంది. చుట్టూ తిరిగి ఎంత వెతికినా, బెరడు కమ్ముకొచ్చి, అత్త రంపం పెట్టిన చోటు ఎక్కడో కనిపించనే లేదు.