నిత్యానందం గారి వ్యాను

సత్యవేదానికి మొహమాటం ఎక్కువ. పెదవేగి పామాయిల్ తోటల్లో ఏళ్ల తరబడి ట్రాక్టరు తోలినవాడు, ఇంజను చప్పుడు వింటేనే దాని జబ్బేమిటో చెప్పేవాడు. మనిషి ఎదురుగా నిలబడితే మాత్రం కాదనడానికి నోరొచ్చేది కాదు. 2003లో కొల్లేటి అంచునున్న సొంత పల్లెకు వచ్చేసి, కిరాయికి తిప్పుకుందామని పాత వ్యాను కొన్నాడు. అమ్మినవారు చర్చి పెద్ద నిత్యానందం గారు.

బేరం కుదరగానే ఆయన స్టీరింగు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక ఇక నడిపి చూస్తానని ఎలా అడుగుతాడు? ప్రార్థించిన బండిని శంకించినట్టు కాదూ! తాళాలు పుచ్చుకున్నాడు. ఇంటికి తోలుకొస్తుంటే రెండో గేరులో గరగర వినిపించింది. పెద్దాయన బండి, సర్దుకుంటుందిలే అనుకున్నాడు. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

వారం తిరక్కుండానే, ఓ వాన పొద్దున పక్కింటి ప్రభావతి కోడలు ఇందుకి నొప్పులు మొదలయ్యాయి. అత్తాకోడళ్లను ఎక్కించుకుని కైకలూరు ఆసుపత్రికి బయల్దేరాడు. చేపల చెరువుల మధ్య గట్టు మీద సగం దూరం వెళ్లేసరికి బండి కీచుమని ఆగింది. ఇంజను తిరుగుతోంది, చక్రం కదలదు. ఏ గేరు వేసినా పడలేదు.

"ఆపేశావేంటి బాబూ? పిల్ల తట్టుకోలేకపోతోంది!"

"గేర్లు పోయాయండి పిన్నిగారూ."

ఆఖరికి రివర్సు పడింది. కానీ వెనక్కి వెళితే ఊరే వస్తుంది, ఆసుపత్రి రాదు. కాస్త వెనక, మేత లారీలు తిప్పుకునే జాగా దాకా వెళ్లి గట్టిగా కేకలేశాడు. చెరువు పనివాళ్లు పరుగున వచ్చి, బండిని నెట్టి మూతి ఊరివైపు తిప్పారు. ఇక తల కిటికీలోంచి బయటపెట్టి, వెనక్కే తోలుతూ పెద్దరోడ్డు వైపు సాగాడు. రెండు పక్కలా నీళ్లు. ఒకచోట చక్రం కింద గట్టు జారింది. స్టీరింగు చటుక్కున తిప్పి బండిని మళ్లీ గట్టు మధ్యకు తెచ్చాడు. ఇందు కేక పెట్టింది, తరవాత ఆ కేక కూడా వినపడలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

పెద్దరోడ్డు మీద ఐసు లారీ డ్రైవరు వాళ్లను ఎక్కించుకున్నాడు. మగపిల్లాడు పుట్టాడు. ఇంకాస్త ఆలస్యమైతే తల్లి దక్కేది కాదని నర్సు చెప్పింది. సత్యవేదం వరండాలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు నిత్యానందం గారు పళ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చారు.

"బండిని మెకానిక్కుకి ఇచ్చానండి," అన్నాడు సత్యవేదం. "తల్లీబిడ్డల్ని అందులోనే ఇంటికి తీసుకెళదాం. మీరూ రండి."

"అమ్మో, ఆ బండి నేనెక్కను బాబూ!" అనేశారాయన. అన్నాక పెదవి కొరుక్కున్నారు.

సత్యవేదం ఆయన ముఖంలోకి సూటిగా చూశాడు.

"మరి మాకెందుకమ్మారండీ?"